‘సోదరీమణులారా’: ఒక థీసిస్ చాప్టర్ జర్నల్ పేపర్ కావడానికి పట్టిన రెండేళ్లు

ఈ కేసు రాయడానికి రమ్య ఒప్పుకుంది. రమ్య ఆమె అసలు పేరు కాదు. ఊరు, యూనివర్సిటీ, గైడ్, జర్నళ్ల పేర్లు ఏవీ ఇక్కడ ఉండవు. ఆమె పరిశోధన అంశానికి బదులు దానికి దగ్గరగా ఉండే మరో అంశం పెట్టాను. కథంతా ఒక తెలుగు మాట చుట్టూ తిరుగుతుంది, ఆ మాటను కూడా మార్చాను. జరిగిన క్రమం, మేము తీసుకున్న నిర్ణయాలు, వాటిలో నేను చేసిన తప్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేను చెన్నైలో చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల స్కాలర్లకు పేపర్లు రాయడంలో సాయం చేస్తుంటాను. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక జర్నల్‌కు కాపీ ఎడిటర్‌గా పనిచేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు పిల్లలు ఎక్కువ. చదివేది తెలుగు పాత పత్రికలు, రాయాల్సింది ఇంగ్లీషులో. ఆ రెండింటి మధ్య ఏం పోతోందో వాళ్లకు తెలియదు. ఈ కేసు దాకా నాకూ సరిగ్గా తెలియదు.

నేపథ్యం

రమ్య కోస్తాలో ఎం.ఏ. చరిత్ర చదివి, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా వచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని చెన్నై వచ్చింది. వాళ్ల ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషి. 20వ శతాబ్దం మొదటి సగంలో మద్రాసు నుంచి వెలువడిన తెలుగు స్త్రీల పత్రికలు, వాటిలోని మందుల ప్రకటనలు ఆమె అంశం.

ఆ పని మద్రాసులోనే ఎందుకు చెయ్యాలో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో భారతి అనే సాహిత్య పత్రిక వచ్చింది. డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల కోసం లోధ్ర అనే మందు తయారుచేసి అమ్మారు, 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. తలనొప్పి మందూ ఆడవాళ్ల మందూ సంపాదించిన డబ్బే మన సాహిత్యానికి కాగితమూ సిరా కొనిపెట్టిందన్నమాట. రమ్యకు ఈ కథంటే ప్రాణం. ఎవరు కదిపినా ముందు ఇదే చెప్పేది.

రెండేళ్ల పాటు ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీతో మొదలుపెట్టి నగరంలో ఎక్కడ పాత తెలుగు సంచికలున్నాయంటే అక్కడికల్లా తిరిగింది. ఫోన్లో రెండు వేలకు పైగా ఫొటోలు పోగయ్యాయి. కొన్ని సంచికల్లో కాగితం ఎంత పెళుసుగా ఉందంటే పేజీ తిప్పాక బల్ల మీద రాలిన పొడి చేత్తో ఎత్తాల్సి వచ్చేదట. బైండింగ్ లోపలికి వెళ్లిపోయిన అక్షరాల కోసం ఒకే పేజీని మూడు కోణాల్లో ఫొటో తీసుకుంది. సామగ్రి విషయంలో ఆ పిల్లకు ఎవరూ వంక పెట్టలేరు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చింది 2023 జూలైలో. ఎస్ఆర్ఎఫ్ (ఆ ఫెలోషిప్ తర్వాతి దశ) వస్తోంది, అది ఇంకో 14 నెలల్లో ఆగిపోతుంది. థీసిస్ సబ్మిట్ చెయ్యాలంటే ఒక పేపర్ అచ్చు కావాలి. నిజానికి, థీసిస్‌కు ముందు ఒక పేపర్ తప్పనిసరి అన్న 2016 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధన 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లో లేదు. కానీ రమ్య చేరింది అంతకు ముందు, పైగా ఆమె యూనివర్సిటీ తన షరతును అలాగే ఉంచుకుంది. ‘రూల్ తీసేశారట కదా’ అని ధీమాగా ఉండి, సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) రోజున ఆఫీసులో చిక్కుకున్నవాళ్లను చూశాను. అందుకే మొదటి రోజే మీ యూనివర్సిటీ నిబంధనల కాగితం తెచ్చి చూపించమంటాను.

అప్పటికే ఒకసారి పంపి రిజెక్ట్ చేయించుకుంది. జూన్‌లో ఒక విదేశీ జర్నల్‌కు తన మూడో చాప్టర్‌ను ఉన్నదున్నట్టు పంపింది. 14,000 పదాలు. ఆ జర్నల్ పరిమితి 9,000. పదకొండో రోజున మూడు వాక్యాల మెయిల్ వచ్చింది. రివ్యూకు, అంటే ఆ రంగంలోని నిపుణులకు చదవడానికి, కూడా పంపలేదు.

“నా ఇంగ్లీషు బాగాలేదు మేడమ్. ఎవరితోనైనా దిద్దించుకోనా?” అంది. ఒకళ్లు పేజీకి ఇంత అని రేటు కూడా చెప్పారట.

వద్దన్నాను. ఇప్పటికీ ఆ మాట సరైనదే అనుకుంటున్నాను. ఎడిటర్ 11 రోజుల్లో నిర్ణయించాడంటే చూసింది అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ ముందుండే సారాంశం), మహా అయితే మొదటి రెండు మూడు పేజీలు. అబ్‌స్ట్రాక్ట్‌లో ‘ఈ పేపర్ పరిశీలిస్తుంది’, ‘చర్చిస్తుంది’ అని ఉందిగానీ పరిశీలిస్తే ఏం తేలిందో లేదు. మొదటి నాలుగు పేజీలు అమృతాంజనం కథ. అది మనకు ఎంత ఇష్టమైనదైనా, ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలిసినదే. ఇంగ్లీషులో చిన్న చిన్న తప్పులుంటే ఎడిటర్లు సర్దుకుంటారు. చెప్పేదేమిటో కనపడకపోతే మాత్రం ముందుకు చదవరు.

నేను చేసిన తప్పు

ఇంత అర్థమయ్యాక కూడా నేను ఇచ్చిన సలహా తగ్గించమని. ఎందుకిచ్చానో చెప్పాలి. 14,000కూ 9,000కూ మధ్య తేడా కంటికి కనపడుతోంది, దాన్ని సరిచెయ్యడం చేతిలో పని. గడువు ముంచుకొస్తున్నప్పుడు చేతిలో ఉన్న పని మొదలుపెడితే మనసుకు కాస్త నెమ్మది. ఆమెకే కాదు, నాకూ అంతే.

ఆరు వారాలు కోశాం. ప్రెస్సుల చరిత్ర తీశాం, రెండు పత్రికలు తీశాం, ఫుట్‌నోట్లు సగానికి సగం తీశాం. ముందు ఒక సంగ్రహమైన సిద్ధాంత చర్చ పెట్టాం. వాదన లేదన్న లోటు దాంతో తీరుతుందని నా ఆశ. 8,800 పదాలకు దిగింది. 2023 సెప్టెంబర్‌లో ఇంకో జర్నల్‌కు పంపింది.

దాదాపు ఆరు నెలలు ఏ కబురూ లేదు. ఆ మధ్యలో ఇంకెక్కడికైనా కూడా పంపనా అని రెండుసార్లు అడిగింది. ఒకే పేపర్ ఒకే సమయంలో రెండు చోట్ల ఉండకూడదు, దాదాపు ప్రతి జర్నల్ సబ్మిట్ చేసేటప్పుడు ఆ హామీ తీసుకుంటుంది. బయటపడితే రెండు చోట్లా తలుపు మూసుకుంటుంది. ఆగమన్నాను. ఆరో నెలలో, పేపర్ నంబర్ వేసి, ఏ దశలో ఉందో తెలుసుకోవాలని మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పంపించాను. ఆ పని నాలుగో నెలలో చెయ్యాల్సింది.

2024 మార్చిలో రిజెక్ట్ అయింది, ఈసారి రెండు రిపోర్టులతో. మొదటి రివ్యూయర్ సామగ్రి అరుదైనదన్నారు, దాంతో కొత్తగా ఏం చెప్పారో తెలియలేదన్నారు. రెండో రివ్యూయర్ మాట నాకు గుచ్చుకుంది. పత్రికలోని వ్యాసాల గురించి ఒక సగం, ప్రకటనల గురించి ఒక సగం ఉంది, ఈ రెండింటికీ సంబంధం ఏమిటో కనపడడం లేదు, రెండు పేపర్లు అతికించినట్టుంది అన్నారు.

చాప్టర్‌ను ఎంత కోసినా చాప్టరే. ఆ రెండు రిపోర్టులు చదివిన రోజున నాకది తెలిసొచ్చింది. చాప్టర్ చదివే గైడ్, కమిటీ, పరీక్షకులు చివరిదాకా చదివి తీరాలి, అది వాళ్ల బాధ్యత. స్కాలర్‌కు ఎంత తెలుసో చూపించడానికే చాప్టర్ ఉంటుంది. జర్నల్ చదివేవాళ్లకు అలాంటి బాధ్యత లేదు. వాళ్ల బుర్రలో అప్పటికే ఏదో ప్రశ్న తిరుగుతుంటుంది. దానికి ఇందులో ఏదైనా దొరుకుతుందా అని చూస్తారు. మేము ఆ ప్రశ్న గురించి ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు. పదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

డబ్బు కట్టే దారి

రిజెక్ట్ అయిన వారంలోనే ఆమెకు ఒక మెయిల్ వచ్చింది. ‘గౌరవనీయ పరిశోధకురాలా’ అని మొదలై, అయిదు రోజుల్లో అంగీకారం, పది రోజుల్లో ప్రచురణ, ఫీజు 4,500 రూపాయలు, సర్టిఫికెట్ ఉచితం అని ఉంది. హాస్టల్లో ఒక సీనియర్ ఇలాగే వేసి థీసిస్ ఇచ్చేశాడు. “ఫెలోషిప్ ఇంకో ఆరు నెలలు మేడమ్. ఇంట్లో ఏమని చెప్పను?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ క్షణంలో నీతులు చెప్పకూడదని నాకు అనుభవం. ఇద్దరం కూర్చుని ఆ జర్నల్‌ను చూశాం. ఐఎస్ఎస్ఎన్ ఉంది. అది నమోదు నంబరే, నాణ్యతకు ముద్ర కాదు. ఒకే సంచికలో కోళ్ల పెంపకం, క్లౌడ్ కంప్యూటింగ్, తులసీదాసు. సంపాదక వర్గంలో ఉన్న ఒక ప్రొఫెసర్ పేరు పట్టుకుని ఆయన యూనివర్సిటీ పేజీకి వెళితే, తన వివరాల్లో ఈ జర్నల్ ప్రస్తావనే లేదు. రమ్యే ఆయనకు మెయిల్ రాసింది. తనకు తెలియకుండా పేరు వాడుకున్నారని రెండో రోజు జవాబిచ్చారు. ఆ తర్వాత నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని పడలేదు.

ఫీజు అడిగిన ప్రతి జర్నల్ మోసం అని మాత్రం అనుకోవద్దు. మంచి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లలో కొన్ని ఫీజు తీసుకుంటాయి, లేనివాళ్లకు మినహాయిస్తాయి కూడా. చందాల మీద నడిచేవి మామూలుగా రచయిత దగ్గర తీసుకోవు. చూడాల్సింది ఫీజు కాదు. ఎవరైనా ఆ పేపర్లు నిజంగా చదివాకే వేస్తున్నారా లేదా అన్నది. ‘లిస్టులో ఉంది కదా’ అన్నదీ చాలదు. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచే 4,305 జర్నళ్లను తీసేసింది. అంతకు ముందు రోజు దాకా అవన్నీ లిస్టులో ఉన్నవే. అలాంటిచోట వేసిన పేపర్‌ను వెనక్కి తీసుకుని ఇంకో మంచి జర్నల్‌కు పంపడం దాదాపు అసాధ్యం. రెండేళ్ల సామగ్రి 4,500కు అమ్ముకున్నట్టవుతుంది.

ఆ ఫొటో

ఏప్రిల్‌లో ఒక శనివారం మా ఇంటికి రమ్మన్నాను. లాప్‌టాప్ తెరవబోతుంటే ఆపాను. “డ్రాఫ్ట్ వద్దమ్మా. నీకు బాగా నచ్చిన పేజీ ఒకటి చూపించు” అన్నాను. నా బుర్రలో పెద్ద పథకమేమీ లేదు. అన్ని నెలలుగా ఆమె డ్రాఫ్టులు చూశానుగానీ ఆమె చూసిన పత్రికను నేను చూడలేదని అప్పుడే తట్టింది.

ఫోన్లో ఒక ఫొటో తీసింది. తెరిచిన పత్రిక, ఎదురెదురు పేజీలు. ఎడమ పక్క స్త్రీవిద్య మీద ఒక వ్యాసం మొదలవుతోంది. కుడి పక్క పేజీ నిండా మందు ప్రకటన, మధ్యలో సీసా బొమ్మ, చుట్టూ పూలతీగ అంచు. ఎడమ పేజీ మీద ఎవరో కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ. “చదువు” అన్నాను. తెలుగులో గడగడా చదివింది. వ్యాసం ‘సోదరీమణులారా’ అని మొదలైంది. తర్వాత కుడి పక్కకి జరిగి ప్రకటన చదివింది. అదీ ‘సోదరీమణులారా’ అనే మొదలైంది.

“ఇది పేపర్లో ఉందా?”

“ఉంది మేడమ్. రెండూ కోట్ చేశాను.”

డ్రాఫ్ట్ తెరిపించాను. వ్యాసంలోని పిలుపును ‘మై డియర్ సిస్టర్స్’ అని అనువదించింది. ప్రకటనలోని పిలుపును ‘లేడీస్!’ అని.

ఎందుకలా చేశావంటే తడుముకోకుండా చెప్పింది. “ప్రకటన కదా మేడమ్. ఇంగ్లీషు యాడ్స్‌లో అలాగే ఉంటుంది. సిస్టర్స్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుందని.”

చెప్పి, ఆగిపోయింది. ఫోన్లో ఫొటో, లాప్‌టాప్‌లో డ్రాఫ్ట్, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూసుకుంది. రెండో రివ్యూయర్‌కు రెండు సగాల మధ్య సంబంధం ఎందుకు కనపడలేదో మాకిద్దరికీ ఒకేసారి అర్థమైంది. తెలుగులో ఆ సంబంధం పేజీ మీదే ఉంది. ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు మేమే చెరిపేశాం. ‘మేమే’ అనడంలో మొహమాటమేమీ లేదు. 14,000 పదాల చాప్టర్‌లో ఈ రెండు పిలుపుల పోలిక గురించి ఒక ఫుట్‌నోట్ ఉండేది. అనువాదం తప్పినా ఆనవాలు అక్కడ మిగిలింది. కోతలో దాన్ని తీసెయ్యమన్నది నేను.

చెప్పదలుచుకున్నదాన్ని సరిచూసుకోవడం

ఆ రోజు సాయంత్రానికి రమ్య ఒక వాక్యం రాసేసింది: మందుల ప్రకటనలు సంస్కర్తల గొంతును అరువు తెచ్చుకున్నాయి. ఎంత బాగుందో. కానీ అది నిలబడుతుందా?

మూడు వారాలు ఆమె రాత పూర్తిగా ఆపేసి ఫొటోలన్నీ మళ్లీ చూసింది. ఒక రూళ్ల నోటుబుక్‌లో ప్రతి ప్రకటనా ఎవరిని పిలుస్తోంది, ఎలా పిలుస్తోంది, ఎదురు పేజీలో ఏముంది అని మూడు గళ్లు గీసుకుంది. చాలా ప్రకటనలు ఎవరినీ పిలవడం లేదు, ధర చెప్పి ఊరుకుంటున్నాయి. కొన్ని భర్తలను పిలుస్తున్నాయి. అక్కచెల్లెళ్ల పిలుపు ఉన్నవి కొన్ని సంవత్సరాల్లో గుంపుగా ఉన్నాయి. ఇక ఎవరు ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నారో ఆ సంచికలను బట్టి తేల్చే దారి లేదు. ముందువెనకల సంచికలు చాలా దొరకలేదు.

అందుకని వాక్యాన్ని తగ్గించుకున్నాం. అరువు అన్న మాట తీసేశాం. వ్యాసమూ ప్రకటనా ఒకే పిలుపుతో ఒకే పాఠకురాలి ముందుకు వచ్చాయి, కాబట్టి వాటిని విడదీసి చదివితే ఆ రోజుల్లో ఆమె చదివిన పత్రికను మనం చదవనట్టే అన్నది మిగిలింది. రమ్యకు ఇది చిన్నదిగా అనిపించి నిరుత్సాహపడింది. నాకు మాత్రం ఇదే బలంగా తోచింది. మొదటి వాక్యాన్ని పడగొట్టడానికి ఒక్క పాత సంచిక దొరికితే చాలు. రెండోదానికి ఆధారం ఆమె చేతిలో ఉన్న పేజీలే. భర్తలను పిలిచిన ప్రకటనలు కూడా దీనికి అడ్డు రావు సరికదా, పిలుపు మారితే ఎదురు పేజీ మారుతోందా అన్న ఇంకో ప్రశ్నను ఇస్తాయి.

జర్నల్ ముందు, రాత తర్వాత

ఇంతకు ముందు రెండుసార్లూ పేపర్ రాసి, తర్వాత ‘ఎక్కడికి పంపుదాం’ అని వెతికాం. ఈసారి తిరగేశాం. రమ్య థీసిస్ గ్రంథసూచి ముందు పెట్టుకుని, అందులో పదే పదే వచ్చే జర్నళ్లేవో గుర్తులు పెట్టుకుంది. 1963 నుంచి వస్తున్న ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ, 1994 నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్ లాంటివి ఈ రంగంలో ఎవరి గ్రంథసూచిలోనైనా కనపడతాయి. అలాంటివి మూడు తేలాయి. ఒక్కోదాని ఇటీవలి మూడేళ్ల సంచికల విషయసూచికలు చదివింది, తన అంశానికి దగ్గరగా ఉన్న పేపర్లను పూర్తిగా చదివింది. అది నెల రోజుల పని. ఫెలోషిప్ కరిగిపోతుంటే నెల రోజులు చదవమనడానికి నాకు గుండె చాలలేదుగానీ అడిగాను.

ఒక జర్నల్‌లో వేరే భాషల పత్రికల్లోని ప్రకటనల మీద రెండు పేపర్లు దొరికాయి. రెండూ మంచివే. రెండూ ప్రకటనను ఎదురు పేజీ నుంచి కత్తిరించి తీసినట్టు, విడిగా చదివాయి. రమ్య జవాబు చెప్పాల్సింది ఎవరికో అప్పుడు తెలిసింది. ఇక పరిచయంలో ఏం రాయాలన్న టెన్షన్ పోయింది. ఆ రెండు పేపర్లు ఏం చెప్పాయో గౌరవంగా చెప్పి, ఎదురు పేజీ కూడా చూస్తే ఇంకా ఏం కనపడుతుందో చూపించడమే పని.

ఖాళీ ఫైల్ తెరిచింది. చాప్టర్‌లోంచి ఒక్క పేరా కూడా కాపీ చెయ్యకూడదని నియమం పెట్టుకున్నాం. కాపీ చేస్తే చాప్టర్ నడక కూడా వెంట వస్తుంది. మొదటి పేరాలో ఆ ఎదురెదురు పేజీలు. అమృతాంజనం, లోధ్ర కథ ఒక వాక్యం, ఒక నోటు. పిలుపును అనువదించకుండా తెలుగు మాటనే రోమన్ లిపిలో ఉంచి, దాన్ని రెండుచోట్లా ఒకేలా ఎందుకు ఉంచుతున్నామో ఒక పేరాలో చెప్పింది. కదలనిచోట తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషు చేసుకుంది. అలా పుట్టిన పేరాలు మిగతావాటికంటే సూటిగా ఉన్నాయి. 7,600 పదాలకు ముగిసింది, ఏమీ కొయ్యకుండానే.

పంపే ముందు గైడ్‌కు చూపించింది. ఆయన తన పేరు కూడా రచయితగా పెట్టమన్నారు. ఆయనను తప్పుపట్టను. పక్క సైన్స్ విభాగంలో అదే పద్ధతి, అక్కడ ల్యాబ్, నిధులు, ప్రయోగం అన్నీ గైడ్‌వి. హ్యుమానిటీస్‌లో మాత్రం రాసినవాళ్ల పేరే ఉండడం ఆనవాయితీ. రమ్య ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఏమని అడగాలో ఇద్దరం కలిసి అనుకున్నాం. “సర్, ఈ జర్నల్‌లో స్కాలర్ల పేపర్లు ఒక్క పేరుతోనే వస్తున్నాయి. మీరు చూపించిన దారి గురించి కృతజ్ఞతల్లో వివరంగా రాస్తాను. ఒకసారి మీరు చదివి దిద్దితే ధైర్యంగా పంపుతాను” అంది. మూడు పాత సంచికలు కూడా తీసుకెళ్లి చూపించింది. ఆయన ఒక రోజు ఆలోచించి సరే అన్నారు. నిజంగానే చదివారు. పత్రికల ధర, చందా వివరాలు చేర్చమన్న ఆయన సూచన తర్వాత రివ్యూలో అక్కరకొచ్చింది.

రివ్యూలు, జవాబులు

2024 ఆగస్టులో పంపింది. సెప్టెంబర్‌లో ఫెలోషిప్ ఆగింది. ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరి, లోకల్ ట్రైన్‌లో రానూపోనూ రెండున్నర గంటలు తిరిగింది. ఆ నెలలు ఆమెకు చాలా కష్టంగా గడిచాయి.

డిసెంబర్‌లో జవాబు: పెద్ద మార్పులతో మళ్లీ పంపండి. రమ్య దాన్ని ఇంకో రిజెక్షన్ అనుకుని నాకు రెండు రోజులు చెప్పలేదు. మళ్లీ పంపమనడం మంచి కబురని మన స్కాలర్లకు ఎవరూ చెప్పరు. ఎడిటర్ ఇంకోసారి టైమ్ పెట్టడానికి సిద్ధపడ్డారంటే పేపర్ మీద ఆశ ఉందనే.

మొదట ఆమె రాసిన జవాబు మూడు పేజీల ఉత్తరం, నిండా సంజాయిషీ. వారం పక్కన పెట్టించాను. తర్వాత పట్టిక వేశాం. ఒక గడిలో రివ్యూయర్ మాట యథాతథంగా, పక్క గడిలో ఏం మార్చాం, మూడో గడిలో ఏ పేజీలో. మొత్తం 23 అంశాలు. 19 ఒప్పుకుంది, నాలుగు ఒప్పుకోలేదు.

ఒప్పుకోనివాటిలో పెద్దది, అవే ఏళ్ల తమిళ పత్రికలతో పోల్చమన్న సూచన. చెన్నైలో ఉంటూ తమిళం ఎందుకు చూడలేదన్నది న్యాయమైన ప్రశ్నే. రమ్య తమిళం మాట్లాడుతుంది, బోర్డులు చదువుతుంది. కానీ వందేళ్ల నాటి తమిళ గద్యంలో పిలుపుల తేడాలు పట్టే పట్టు లేదు. ఎవరితోనో నాలుగు ప్రకటనలు చదివించుకుని ఒక పేరా అతికిద్దామా అని ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. వద్దనుకున్నాం. పిలుపును అనువాదంలో చూసి తప్పుచేసిన మనిషి, మళ్లీ అదే పని ఇంకో భాషతో చెయ్యడం సరికాదు. పోలిక ఎందుకు అవసరమో ఒప్పుకుంటూ, ఆ భాషలో లోతు ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పని అని రాసి, ముగింపులో దాన్ని పరిమితిగా పెట్టింది. రివ్యూయర్ అంగీకరించారు.

2025 ఫిబ్రవరిలో తిరిగి పంపిన రోజుల్లోనే యూజీసీ తన కేర్ జాబితాను (తను గుర్తించిన జర్నళ్ల జాబితా) ఎత్తేసింది. జర్నళ్ల ఎంపికను సంస్థలకే వదిలి, సూచనప్రాయంగా కొలమానాలు ఇచ్చింది. ఈ పేపర్ లెక్కకొస్తుందా రాదా అని రమ్యకు మళ్లీ గుబులు. నోటిమాటగా అడగొద్దన్నాను. జర్నల్ వివరాలతో యూనివర్సిటీ రీసెర్చ్ విభాగానికి ఉత్తరం ఇచ్చి, పనికొస్తుందన్న జవాబు కాగితం మీద తెచ్చుకుంది. ఏప్రిల్‌లో పేపర్ అంగీకరించారు, జూలైలో ఆన్‌లైన్‌లో వచ్చింది. అంగీకార పత్రం మీదే జూన్‌లో థీసిస్ ఇచ్చేసింది.

నా పనిలో మారినవి

ఇప్పుడు కొత్తగా వచ్చిన స్కాలర్ డ్రాఫ్ట్‌ను మొదటి రోజు చదవను. ఆధారం చూపించి, మూలభాషలో పైకి చదవమంటాను. కోట్ చేసిన ప్రతి వాక్యానికి పక్కనే మూలం పెట్టించి, ఒకే తెలుగు మాటకు రెండు ఇంగ్లీషు మాటలు ఎక్కడ పడ్డాయో, రెండు తెలుగు మాటలు ఒకే ఇంగ్లీషు మాటగా ఎక్కడ కలిసిపోయాయో గుర్తులు పెట్టిస్తాను. ఫుట్‌నోట్లు కొట్టేసే ముందు వాటినన్నీ ఒక కాగితం మీదకి తీసి వరుసగా చదువుతాం. రాసేవాళ్లు తమకు బాగా నచ్చిన సంగతిని, రుజువు చెయ్యలేమేమోనన్న భయంతో, అక్కడే దాచిపెడతారు.

ఈ పద్ధతి అందరికీ పనికొస్తుందని చెప్పలేను. రమ్య తర్వాత ఇద్దరితో ప్రయత్నించాను. జానపద గేయాల మీద పనిచేసే అబ్బాయికి బాగా కుదిరింది. తత్వశాస్త్రం చేసే అమ్మాయికి కుదరలేదు. ఆమె చేతిలో చూపించడానికి పేజీ లేదు, ఉన్నది ఒక చిక్కుముడి. ఆమెతో వేరే దారి వెతుకుతున్నాం.

రమ్య వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) ఇంకా కాలేదు. థీసిస్ హడావుడిలో మూడో చాప్టర్‌లోని అనువాదాలన్నీ దిద్దింది, ఒకటి మాత్రం తప్పించుకుంది. అనుబంధంలో, ఆ కాఫీ మచ్చ ఉన్న పేజీ ఫొటో కింద, ఇప్పటికీ ‘లేడీస్!’ అనే ఉంది. పరీక్షకులు అడగకముందే తనే చెబుతానంది.